ప్రోస్టేట్ క్యాన్సర్‌కు సెకండ్ ఒపీనియన్: ముందు ఎవరిని అడగాలి, ఏం అడగాలి?

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. "ప్రోస్టేట్‌కి చేసే రక్త పరీక్ష పీఎస్ఏ కాస్త ఎక్కువుంది, ఒకసారి ముక్క పరీక్ష చేయిద్దాం" అన్న యూరాలజిస్టే ఇప్పుడు "క్యాన్సర్ ఉంది, వచ్చే వారం రోబోటిక్ సర్జరీకి డేట్ ఇస్తాను" అంటారు. ఆ సాయంత్రం నుంచే ఫోన్లు మొదలవుతాయి. బావమరిది తనకు తెలిసిన డాక్టరును అడిగి ఒకటి చెబుతాడు. డాలస్‌లో ఉన్న కొడుకు ఇంకొకటి చదివి పంపిస్తాడు. ఎదురింటాయన "మా అన్నయ్యకు కరెంటు పెట్టించాం, బాగానే తిరుగుతున్నాడు" అంటాడు. సెకండ్ ఒపీనియన్ తీసుకోమని అందరూ అంటారు. ఎవరి దగ్గర తీసుకోవాలి, దేని గురించి అడగాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

నా మాట ముందే చెప్పేస్తాను. చాలామంది చేసేది ఇంకో కార్పొరేట్ హాస్పిటల్లో ఇంకో యూరాలజిస్టును కలవడం. అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడే సెకండ్ ఒపీనియన్ అదే. ముందు బయాప్సీ స్లైడ్లను ఇంకో పెథాలజిస్ట్, అంటే ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి జబ్బు తేల్చే డాక్టరు, చూడాలి. ఆ తర్వాత ఒక రేడియేషన్ ఆంకాలజిస్ట్‌తో, అంటే కరెంటు వైద్యం చేసే డాక్టరుతో, కూర్చుని మాట్లాడాలి. సర్జరీయే అని తేలితే అప్పుడు ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఈ వరస ఎందుకో, మీ పరిస్థితికి ఏది సరిపోతుందో కింద రాస్తున్నాను.

టైమ్ ఉందా?

దాదాపు అందరి మొదటి భయం ఇదే. "ఈలోపు పాకిపోతే?" ప్రోస్టేట్ క్యాన్సర్‌లో చాలా రకాలు నెమ్మదిగా పెరుగుతాయి. గ్రంథి దాటని దశలో ఉన్నవారికి మూడు నాలుగు వారాలు సెకండ్ ఒపీనియన్లకు పోయినంత మాత్రాన ఫలితం మారిపోదు. పైగా బయాప్సీ అయ్యాక లోపలి వాపు, రక్తం గడ్డలు తగ్గేదాకా సర్జన్లే సాధారణంగా ఆరు వారాలు అటూ ఇటూగా ఆగి ఆపరేషన్ చేస్తారు. ఆ వ్యవధి మీదే, వాడుకోండి. "రేపే అడ్వాన్స్ కట్టండి" అని తొందరపెడితే, ఎందుకంత తొందరో కారణం అడగండి. హై రిస్క్ అని చెబితే వ్యవధి ఇంకాస్త తగ్గించుకోవాలి గానీ మానేయనక్కర్లేదు.

ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. నడుము నొప్పి ఉన్నట్టుండి తీవ్రమై కాళ్లలో బలం తగ్గుతుంటే, నడుస్తుంటే తూలిపోతుంటే, మూత్రం పూర్తిగా ఆగిపోతే, మల మూత్రాల మీద అదుపు పోతే ఆ రోజే పెద్ద హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెన్నుపూసలోకి పాకిన క్యాన్సర్ వెన్నుపామును నొక్కుతున్న లక్షణాలు అవి. అక్కడ గంటలు లెక్క. ఒపీనియన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

రిపోర్టులో ఏ మాట మీద అంతా ఆధారపడి ఉంది?

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. గుంటూరులో 66 ఏళ్ల రిటైర్డ్ టీచరు గారు. పీఎస్ఏ 8.4. బయాప్సీలో తీసిన 12 ముక్కల్లో నాలుగింట్లో క్యాన్సర్, గ్లీసన్ స్కోరు 3+4. వేలితో చేసిన పరీక్షలో గట్టిగా ఏమీ తగల్లేదు. బీపీ ఉంది, గుండె బాగానే ఉంది.

ఈ నాలుగు వాక్యాల్లో వైద్యాన్ని నడిపించేది గ్లీసన్ స్కోరు. క్యాన్సర్ కణాలు మామూలు కణాలకు ఎంత దూరం జరిగాయో సూక్ష్మదర్శినిలో చూసి 3, 4, 5 అని గ్రేడ్ ఇస్తారు. ఎక్కువగా కనిపించిన గ్రేడ్ ముందు, రెండోది తర్వాత రాసి కలుపుతారు. 3+3 అంటే 6, బాగా నెమ్మది రకం. 3+4, 4+3 రెండూ కూడితే ఏడే, కానీ ఒకటి కావు. 3+4 గ్రేడ్ గ్రూప్ 2, 4+3 గ్రేడ్ గ్రూప్ 3. రెండో దాని దూకుడు ఎక్కువ. 8, 9, 10 వస్తే హై రిస్క్ లెక్క. స్కోరు 6, పీఎస్ఏ 10 లోపు, గడ్డ చిన్నది అయితే లో రిస్క్. పీఎస్ఏ 20 దాటినా హై రిస్కే. మధ్యలో ఉన్నవాళ్లంతా ఇంటర్మీడియట్.

ఇప్పుడు టీచరు గారి స్లైడ్లు ఇంకొకరు చూసి 3+3 అన్నారనుకోండి. ఆపరేషన్ అవసరమే ఉండకపోవచ్చు, క్రమంగా గమనిస్తూ ఉంటే చాలు. 4+3 అన్నారనుకోండి. రేడియేషన్‌తో పాటు నాలుగు నుంచి ఆరు నెలలు హార్మోన్ ఇంజెక్షన్లు కూడా కలపాల్సి రావచ్చు. గాజు పలక అదే. చూసే కళ్లు మారితే దారే మారిపోతుంది. 3కు 4కు మధ్య గీత ఎక్కడ గీయాలన్న దానిపై పెథాలజిస్టుల మధ్య తేడాలు రావడం మామూలే. క్యాన్సర్ ముక్కలే రోజూ చూసే పెథాలజిస్టు కన్ను, అన్ని రకాల పరీక్షలూ చేసే చిన్న ల్యాబ్ కన్ను ఒకటి కాదు. అందుకే స్లైడ్ రివ్యూను మొదట పెట్టాను. దీనికయ్యే ఖర్చు కూడా మిగతా వాటితో పోలిస్తే చాలా తక్కువ.

పీఎస్ఏ విషయంలో ఒక్క మాట. మన దగ్గర ఎంతోమంది ప్రోస్టేట్ వాపుకి టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటుంటారు. డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఆరు నెలలు దాటి వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అంటే రిపోర్టులో 8 అని ఉంటే అసలు విలువ 16 దగ్గర ఉందనుకోవాలి. లో రిస్క్ అనుకున్న మనిషి ఇంటర్మీడియట్‌కి మారిపోతాడు. ఆ మాత్ర సంగతి యూరాలజిస్టుకు తెలిసే ఉంటుంది. సెకండ్ ఒపీనియన్ ఇచ్చే డాక్టరుకు తెలియాలంటే మీరే చెప్పాలి. మందుల చీటీ ఫైల్లో పెట్టండి.

స్లైడ్లు, బ్లాకులు తెచ్చుకోవడం

సెకండ్ ఒపీనియన్‌కి రిపోర్టు జిరాక్స్ పట్టుకెళ్లేవాళ్లే ఎక్కువ. జిరాక్స్ చూసి ఎవరైనా మొదటి పెథాలజిస్టు మాటనే తిరిగి చదువుతారు. కావలసింది అసలు సరుకు. బయాప్సీ చేసిన ల్యాబ్‌లో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి స్లైడ్లు, రంగు అద్దిన పలుచని పొరలు అంటించిన గాజు పలకలు. రెండోది బ్లాకులు, మీ ముక్కలను మైనంలో పోతపోసి దాచిన చిన్న చిన్న దిమ్మలు. బ్లాకు ఉంటే కొత్త పొరలు కోసి, అవసరమైతే ఇమ్యునో పరీక్షలు (కణాల రకం తేల్చే ప్రత్యేక రంగు పరీక్షలు) కూడా చేసుకోవచ్చు.

ల్యాబ్ కౌంటర్ దగ్గర "రివ్యూకి స్లైడ్లు, బ్లాకులు కావాలి" అని అడిగి, ఒక దరఖాస్తు రాసిచ్చి, పేషెంట్ ఆధార్ కాపీ పెడితే సాధారణంగా ఇస్తారు. కొన్నిచోట్ల డిపాజిట్ అడుగుతారు. ఇచ్చేటప్పుడు అక్కడే నిలబడి ఒక పని చేయండి. ప్రతి స్లైడు మీదా, ప్రతి బ్లాకు మీదా రాసిన నంబరు రిపోర్టు పైన ఉన్న బయాప్సీ నంబరుతో సరిపోయిందో లేదో ఒక్కొక్కటీ చూడండి. 12 ముక్కలకి ఎన్ని బ్లాకులు ఇచ్చారో రశీదు మీద రాయించుకోండి. స్లైడ్లకు ప్లాస్టిక్ డబ్బా అడగండి, కాగితంలో చుట్టి ఇస్తే బస్సులో ఒక కుదుపుకి పగులుతాయి. బ్లాకులు మైనం కదా, మే నెల ఎండలో ఆపిన కారులో వదిలేస్తే మెత్తబడిపోతాయి. చేతి సంచిలోనే ఉంచుకోండి. పని అయ్యాక తిరిగి తెచ్చి భద్రంగా దాచండి. రెండేళ్ల తర్వాత కొత్త మందుకి పరీక్ష కావాలన్నా ఆ ముక్కలే దిక్కు.

ఎంఆర్ఐ విషయమూ ఇంతే. ఫిల్ములు చాలవు, సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ తీసుకోవాలి. ప్రోస్టేట్ ఎంఆర్ఐలు తరచుగా చదివే రేడియాలజిస్ట్ మళ్లీ చూస్తే గడ్డ గ్రంథి గోడ దాటిందా లేదా అన్న దాని మీద అభిప్రాయం మారడం ఉంటుంది. సర్జరీనా రేడియేషనా అన్న ప్రశ్నకు ఆ గోడే కీలకం.

రికార్డులు అడగడానికి మొహమాటపడేవాళ్లకు ఇంకో మాట. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం పేషెంట్ గానీ వారి తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో మెడికల్ రికార్డులు ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో సెకండ్ ఒపీనియన్ తీసుకోవడం కూడా ఒక హక్కుగా ఉంది. డాక్టరు ఏమైనా అనుకుంటారేమోనని చాటుగా వెళ్లక్కర్లేదు. "డాక్టర్ గారూ, మా అబ్బాయి ఇంకొకచోట కూడా చూపిద్దామంటున్నాడండీ, స్లైడ్లూ సీడీ ఇప్పించండి" అంటే చాలు. మంచి డాక్టర్లు దీన్ని తప్పు పట్టరు. చాలామంది తామే ఎవరిని కలవాలో రాసిస్తారు. మొహం చిట్లించుకునే డాక్టరు దగ్గర ఆపరేషన్ చేయించుకోవాలా అన్నది మీరు ఆలోచించుకోవాల్సిన సంగతే.

యూరాలజిస్ట్, రేడియేషన్ ఆంకాలజిస్ట్: ఒకే జబ్బు, రెండు సలహాలు

2000లో అమెరికాలో యూరాలజిస్టులనూ రేడియేషన్ ఆంకాలజిస్టులనూ ఒక సర్వేలో అడిగారు, గ్రంథి దాటని ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మగవాడికి మీరైతే ఏం చెబుతారు అని. యూరాలజిస్టుల్లో నూటికి తొంభై మందికి పైగా సర్జరీ మేలన్నారు. రేడియేషన్ డాక్టర్లలో ఎక్కువమంది సర్జరీ, రేడియేషన్ రెండూ సమానమే అన్నారు. ఎవరూ మోసం చేయడం లేదు. ఎవరి చేతిలో ఉన్న వైద్యం మీద వాళ్లకు నమ్మకం ఉంటుంది, తాము బాగుచేసిన మనుషులే కళ్ల ముందు ఉంటారు. మన దగ్గర అసలు చిక్కు ఏమిటంటే, మూత్రం ఇబ్బందితో మొదట వెళ్లేది యూరాలజిస్ట్ దగ్గరికే. బయాప్సీ ఆయనే చేస్తారు, ఫలితం ఆయనే చెబుతారు, ఆపరేషన్ డేటూ ఆయనే ఇస్తారు. రేడియేషన్ ఆంకాలజిస్ట్ మొహం చూడకుండానే నిర్ణయం అయిపోతుంది. అందుకే రెండో డాక్టరు వేరే విభాగం మనిషి కావాలని ఇంతగా పట్టుబడుతున్నాను.

నిజంగా రెండూ సమానమా? దీని మీద బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. పీఎస్ఏ పరీక్షలో బయటపడిన, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 50 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 1643 మందిని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు: గమనిస్తూ ఉండటం, సర్జరీ, రేడియేషన్. 15 ఏళ్ల తర్వాత, 2023లో ఫలితాలు వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల చనిపోయినవాళ్లు మొత్తం 45 మంది, అంటే 2.7 శాతం. మూడు గుంపుల మధ్య చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా వేరేచోట ఉంది. వేరే భాగాలకు పాకడం గమనిస్తూ ఉన్నవాళ్లలో 9.4 శాతం, సర్జరీ వాళ్లలో 4.7, రేడియేషన్ వాళ్లలో 5.0. గమనిస్తూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది మధ్యలో ఎప్పుడో వైద్యానికి మారారు. కానీ దాదాపు నాలుగోవంతు మంది 15 ఏళ్లు గడిచాక కూడా ఏ వైద్యమూ లేకుండానే బతికి ఉన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. అది ఏ లక్షణమూ లేకుండా పరీక్షలో దొరికినవాళ్ల లెక్క. మన దగ్గర ఇబ్బంది మొదలయ్యాకే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ఎక్కువ, కాబట్టి ఆలస్యంగా దొరికేవీ ఎక్కువే. గ్లీసన్ 9 ఉన్న మనిషి ఈ అంకెలు చూసి "ఊరికే గమనిద్దాం" అనుకోకూడదు. టీచరు గారి లాంటి వాళ్లకు మాత్రం ఇవి బాగా పనికొస్తాయి.

ప్రాణం విషయంలో తేడా అంతగా లేనప్పుడు, ఏ ఇబ్బందితో బతకగలరు అన్నదే ఎంపిక. అదే అధ్యయనంలో ఈ లెక్కలు కూడా ఉన్నాయి. సర్జరీ అయిన ఆరు నెలలకు మూత్రం లీకై ప్యాడ్లు వాడేవాళ్లు 46 శాతం. ఆరేళ్లకు అది 17 శాతానికి తగ్గింది. రేడియేషన్ వాళ్లలో ఆరేళ్లకు 4 శాతం. దాంపత్యానికి సరిపడా అంగస్తంభన ఉన్నవాళ్లు మొదట్లో 67 శాతం ఉంటే, ఆరు నెలలకు సర్జరీ వాళ్లలో 12, రేడియేషన్ వాళ్లలో 22, గమనిస్తూ ఉన్నవాళ్లలో 52 శాతానికి వచ్చింది. ఆరేళ్ల దగ్గర ఈ అంకెలు 17, 27, 30. చివరి అంకె గమనించండి. వయసుతో అది అందరికీ తగ్గుతుంది, వైద్యం ఆ రోజును ముందుకు లాగుతుంది. రేడియేషన్ తన వంతు ఇబ్బంది పేగు దగ్గర పెడుతుంది. మలంలో అప్పుడప్పుడు రక్తం, తొందరగా వెళ్లాల్సి రావడం కొందరిలో నెలల తర్వాత మొదలవుతాయి.

ఈ అంగస్తంభన విషయం మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు. కొడుకు పక్కన కూర్చుని ఉంటే తండ్రి అడగలేడు, డాక్టరు తమంతట తామే చెప్పరు. "ఈ వయసులో ఇంకా అవి దేనికి" అని పక్కవాళ్లు తేల్చేస్తారు. 60 ఏళ్ల భార్యాభర్తల మధ్య ఏముందో వాళ్లకే తెలుసు. కనీసం పది నిమిషాలు పేషెంట్ ఒక్కరే, లేదా భార్యాభర్తలిద్దరే డాక్టరుతో మాట్లాడేలా చూడండి. పిల్లలు కాసేపు బయట కూర్చోవచ్చు.

ఇంకొన్ని తేడాలు, నిర్ణయాన్ని ఒక పక్కకు మొగ్గేలా చేసేవి. ముందు సర్జరీ చేయించుకుని తర్వాత పీఎస్ఏ పెరిగితే రేడియేషన్ పెట్టొచ్చు. ముందు రేడియేషన్ అయితే తర్వాత సర్జరీ చేయడం చాలా కష్టం, ఇబ్బందులూ ఎక్కువ. వయసు తక్కువ ఉన్నవాళ్లకు సర్జన్లు దీన్ని గట్టిగా చెబుతారు, అందులో నిజముంది. గ్రంథి బాగా ఉబ్బి మూత్రం ధార సన్నగా వచ్చేవాళ్లకు కూడా సర్జరీ ఆ బాధను తీరుస్తుంది. గుండెకు స్టెంట్లు ఉండి మత్తు ఇవ్వడం రిస్క్ అన్నవాళ్లకు రేడియేషన్ మేలు. ఇదివరకే ప్రోస్టేట్ చెక్కే ఆపరేషన్ అయినవాళ్లు ఆ సంగతి రేడియేషన్ డాక్టరుకు తప్పక చెప్పాలి, మూత్రనాళం ఇరుకయ్యే అవకాశం పెరుగుతుంది. పేగుల్లో పుండ్ల జబ్బు ఉన్నవాళ్లకు, పొత్తికడుపు భాగంలో ఇదివరకే రేడియేషన్ అయినవాళ్లకు సర్జరీ వైపే మొగ్గుతారు.

పల్లెటూళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఒకప్పుడు రేడియేషన్ అంటే ఎనిమిది వారాలు హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండటం. ఇప్పుడు చాలాచోట్ల 20 సిట్టింగుల్లో, అంటే నాలుగు వారాల్లో అయిపోతుంది. లో రిస్క్, కొందరు ఇంటర్మీడియట్ వాళ్లకు ఎస్‌బీఆర్‌టీ (ఒక్కో సిట్టింగులో ఎక్కువ మోతాదు గురిపెట్టి ఇచ్చే) పద్ధతిలో ఐదే సిట్టింగులు. ఐదు సిట్టింగులతో ఐదేళ్ల దగ్గర ఫలితం ఎక్కువ రోజుల పద్ధతికి తీసిపోలేదని పేస్-బి అనే అధ్యయనం 2024లో చూపించింది. "మాకు ఎన్ని సిట్టింగులు, ఐదుకు కుదరకపోతే ఎందుకు కుదరదు" అని అడగండి. గది అద్దె, తోడు ఉండే మనిషి కూలి పోవడం, ఇవి వైద్యం బిల్లులో కనిపించని ఖర్చులు.

టీచరు గారికి నా మొగ్గు ఎటో అడిగితే: స్లైడ్ రివ్యూలో 3+3 వస్తే గమనిస్తూ ఉండటం. ప్రతి ఆరు నెలలకూ పీఎస్ఏ, ఏడాదికో రెండేళ్లకో ఎంఆర్ఐ, మళ్లీ బయాప్సీ ఉంటాయి. వాటిని ఎగ్గొట్టని మనిషి అయితేనే ఇది సరి. ఆరోగ్యం కుదుటపడిందని పరీక్షలు మానేసే స్వభావం ఉంటే వద్దు. 3+4 ఖాయమైతే సర్జరీ, రేడియేషన్ రెండూ తగినవే. మూత్రం లీక్ ఆయనకు ఎక్కువ భయమా, పేగు ఇబ్బంది ఎక్కువ భయమా అన్నదాన్ని బట్టి ఆయనే చెప్పాలి.

ఇంకో సర్జన్ ఎప్పుడు?

సర్జరీయే అని నిర్ణయించుకున్నాక సర్జన్‌ను పోల్చడం అవసరం. రోబో ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్నగా అడుగుతారు అందరూ. నాకైతే అది మూడో ప్రశ్న. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబోటిక్‌నూ మామూలు కోత ఆపరేషన్‌నూ లాటరీ పద్ధతిలో పోల్చి చూశారు. మూత్రం అదుపు, అంగస్తంభన ఫలితాలు రెండేళ్ల దగ్గర రెంటిలోనూ ఒకేలా ఉన్నాయి. రోబోలో రక్తం తక్కువ పోతుంది, త్వరగా ఇంటికి వెళ్తారు. అది నిజమైన లాభమే. కానీ చెయ్యి తిరిగిన సర్జన్ మామూలు ఆపరేషన్ చేసినా, కొత్తగా రోబో నేర్చుకుంటున్నవారి కన్నా మేలు.

అడగాల్సినవి ఇవి. ఏడాదికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్లు మీరు స్వయంగా ఎన్ని చేస్తారు? మీ దగ్గర చేయించుకున్నవాళ్లలో ఏడాది తర్వాత ప్యాడ్ లేకుండా ఉన్నవాళ్లు ఎంతమంది? నా విషయంలో అంగస్తంభనకు పనికొచ్చే నరాలు కాపాడగలరా, రెండు వైపులా లేక ఒక వైపా? ఆపరేషన్ తర్వాత మళ్లీ రేడియేషన్ పడే అవకాశం నాకు ఎంత? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. హై రిస్క్ మనిషికి సర్జరీ తర్వాత ఎలాగూ రేడియేషన్ కూడా పడుతుందని తేలితే, రెండింటి ఇబ్బందులూ భరించాలా, లేక మొదటే రేడియేషన్, హార్మోన్ ఇంజెక్షన్లతో వెళ్లాలా అన్నది అక్కడే ఆలోచించాలి.

ఎక్కడికి వెళ్లాలి, ఆన్‌లైన్ చాలా?

ఒకే చోట యూరాలజిస్ట్, రేడియేషన్ ఆంకాలజిస్ట్, మందులతో క్యాన్సర్ వైద్యం చేసే మెడికల్ ఆంకాలజిస్ట్, పెథాలజిస్ట్ అందరూ కూర్చుని కేసు మాట్లాడుకునే ట్యూమర్ బోర్డు ఉన్న క్యాన్సర్ హాస్పిటల్ దొరికితే, విడివిడిగా నలుగురిని కలిసే శ్రమ తప్పుతుంది. మన దగ్గర హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్, నిమ్స్, బసవతారకం ఉన్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ఉత్తరాంధ్ర వాళ్లకు ముంబై దాకా వెళ్లే పని తప్పించింది. రాయలసీమ వాళ్లకు తిరుపతిలో స్విమ్స్, ఇంకాస్త దూరంలో వెల్లూరు సీఎంసీ, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. ప్రభుత్వ, ట్రస్ట్ హాస్పిటళ్లలో రద్దీ ఉంటుంది, ఒక రోజులో పని కాదు. ఆపరేషన్ అమ్మాల్సిన ఒత్తిడి అక్కడ తక్కువ కాబట్టి, వైద్యం కార్పొరేట్‌లోనే చేయించుకోవాలనుకున్నా ఒపీనియన్‌కి మాత్రం ఒకసారి అక్కడికి వెళ్లిరావడం నాకు సబబనిపిస్తుంది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డులున్నవాళ్లు, చెబుతున్న వైద్యం ఆ ప్యాకేజీలో ఉందో లేదో కౌంటర్లో ముందే కనుక్కోవాలి.

ఆన్‌లైన్ ఒపీనియన్లలో టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ (దేశంలోని క్యాన్సర్ హాస్పిటళ్ల కూటమి)తో కలిసి పనిచేసే నవ్య అనే సేవ ఉంది. రిపోర్టులన్నీ అప్‌లోడ్ చేస్తే నిపుణుల అభిప్రాయం రాతపూర్వకంగా వస్తుంది. అడిగిన ప్రశ్న స్పష్టంగా ఉంటే, రిపోర్టులు పూర్తిగా ఉంటే ఇది బాగా పనిచేస్తుంది. అయితే స్లైడ్లు గాజులో ఉంటాయి, వేలి పరీక్ష చేతితో జరగాలి. ఆ రెండూ ఫోన్లో కావు. కాబట్టి స్లైడ్ రివ్యూ అయ్యాక ఆన్‌లైన్‌కి వెళ్లండి, ముందు కాదు.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి డాక్టరు స్నేహితులతో మాట్లాడించడం మనకు మామూలైపోయింది. దాని వల్ల మంచి ప్రశ్నలు వస్తాయి. జవాబులు మాత్రం ఇక్కడి మనిషిని చూసినవాళ్లే చెప్పాలి. తండ్రి షుగర్, ఇంటి నుంచి రేడియేషన్ సెంటర్‌కి దూరం, చేతిలో ఉన్న డబ్బు, ఇవేవీ అక్కడివారికి కనిపించవు.

పాకిందని తేలితే

ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో ప్రశ్నలే మారిపోతాయి, వెళ్లాల్సింది మెడికల్ ఆంకాలజిస్ట్ దగ్గరికి. మగ హార్మోన్‌ను తగ్గించడం ఇక్కడ మూల వైద్యం. అది నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్‌తో చేయొచ్చు, లేదా వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్‌తో ఒకేసారి చేయొచ్చు. పని రెండూ ఒకేలా చేస్తాయి. ఆపరేషన్ చవక, మళ్లీ మళ్లీ హాస్పిటల్‌కు రానక్కర్లేదు, కానీ వెనక్కి తీసుకోలేనిది. డబ్బులేని మనిషికి దీన్ని తక్కువగా చూసి చెప్పకపోవడం తప్పు. డబ్బు లేదు కదా అని అడక్కుండా చేసేయడం ఇంకా పెద్ద తప్పు.

సెకండ్ ఒపీనియన్లో తప్పక అడగాల్సింది: హార్మోన్ ఒక్కటే చాలా, దాంతో పాటు ఎబిరాటెరోన్ లాంటి మాత్రో, డోసిటాక్సెల్ కీమోనో మొదటి నుంచే కలపాలా? 2015 నుంచి 2017 మధ్య వచ్చిన పెద్ద అధ్యయనాలు, మొదట్లోనే కలిపితే ఆయుష్షు పెరుగుతుందని చూపించాయి. అయినా ఒట్టి ఇంజెక్షన్ మీదే నడిచే పేషెంట్లు ఇంకా ఉన్నారు. ఎబిరాటెరోన్ జనరిక్ మన దేశంలోనే తయారవుతోంది కాబట్టి ధర గురించి కంపెనీలు మార్చి మార్చి అడగండి. పాకింది కొద్ది చోట్లే అయితే ప్రోస్టేట్‌కి రేడియేషన్ పెట్టడం వల్ల లాభం ఉందా అన్నది కూడా అడగాలి. కుటుంబంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉంటే వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్ ముప్పును చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష మాట ఎత్తండి, దాని ఫలితం కొడుకులకూ కూతుళ్లకూ కూడా పనికొస్తుంది.

రెండు మాటలు కలవకపోతే

ఇద్దరు డాక్టర్లు రెండు చెబితే మూడో, నాలుగో డాక్టరు దగ్గరికి పరిగెత్తకండి. ముందు తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోండి. గ్లీసన్ దగ్గరా, ఎంఆర్ఐ దగ్గరా, లేక రెండు సమానమైన వైద్యాల్లో ఒకరికి ఒకటి ఇష్టమా? మొదటి రెండైతే ట్యూమర్ బోర్డు ఉన్నచోట ఆ ఒక్క ప్రశ్న మీదే మూడో మాట తీసుకోవచ్చు. మూడోదైతే ఇక డాక్టర్లు చెప్పాల్సింది అయిపోయింది, మీరు చెప్పాల్సింది మిగిలింది.

రెండో డాక్టరు రాసిన కాగితం తీసుకుని మొదటి డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. "వాళ్లు ఇలా అన్నారండీ, మీరేమంటారు?" అని అడగండి. ఆ పది నిమిషాల్లో తెలిసినన్ని సంగతులు రెండు కొత్త హాస్పిటళ్లు తిరిగినా తెలియవు. ఇవన్నీ మొదలుపెట్టేటప్పుడే క్యాలెండర్ మీద ఒక తేదీ రాసుకోండి, ఆ రోజుకి నిర్ణయం అయిపోవాలని. లో, ఇంటర్మీడియట్ వాళ్లకు బయాప్సీ రిపోర్టు నుంచి ఆరు వారాలు సరిపోతుంది. హై రిస్క్ వాళ్లు రెండు మూడు వారాల్లో తేల్చుకుని వైద్యం మొదలుపెట్టాలి.